ముక్కు దాకా వెళ్ళకుండా

పడవ కొనే మనిషి దొరికాడని బామ్మర్ది ఫోన్ చేసేసరికి లిఫ్టాయన ఒక ఆఫీసు భవనం అడుగున, లిఫ్టు గుంతలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నుదుటికి టార్చి లైటు, చేతిలో గ్రీజు డబ్బా, చెవికీ భుజానికీ మధ్య ఫోను.

"ఆదివారం పొద్దున పదింటికి వస్తాడు బావా. పళ్ళ డాక్టరు. బేరం ఆడే రకం కూడా కాదు. పడవ కాస్త కడిగి ఉంచు."

"ఎవర్రా వాణ్ణి రమ్మంది?"

"అక్క."

గ్రీజు డబ్బా చేతిలోంచి జారి చొక్కా మీద బోర్లా పడింది.

వీధిలో అందరూ అతన్ని లిఫ్టాయన అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. రెండు నెలల కిందటిదాకా పైఅంతస్తుల పనంతా అతనిదే. తర్వాత చెవి లోపల ఏదో సమతూకం చెడిందని డాక్టరు చెప్పడంతో పైపని మిగతావాళ్ళకి వదిలేసి గుంతల్లోకి దిగాడు. గట్టి నేల మీద ఉన్నంతసేపూ అతనికేమీ కాదు. కాళ్ళ కింద నేల కదిలిందంటే మాత్రం లోకమంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది.

కాళ్ళ కింద నేల కదిలే చోటు అతనికి పడవే.

అది చిన్న తెరచాప పడవ. ఇద్దరు ముడుచుకుని పడుకోగల గది, ఒక స్తంభం, రెండు తెరచాపలు. పెద్ద తెరచాపతో గొడవ లేదు, దాని తాళ్ళన్నీ వెనక కూర్చునే చోటికే వస్తాయి. చిక్కంతా ముందు తెరచాపతోనే. పడవ ముక్కు నుంచి స్తంభం పైదాకా బిగించిన తీగకి అది కొక్కేలతో తగిలించి ఉంటుంది. గాలి పెరిగితే ఎవరో ఒకరు ముక్కు దాకా పాకి, దాన్ని చేతులతో లాగి దించాలి. ఇన్నేళ్ళూ ఆ ఎవరో ఒకరు లిఫ్టాయనే. చివరిసారి అలా పాకినప్పుడే లోకం ఒరిగింది, నీళ్ళలో పడ్డాడు. భార్య కొక్కెం కర్రతో కాలరు పట్టి లాగింది. ఇంటికొచ్చి తలుపు వేశాక ఒకే మాట అంది. "అమ్మేద్దాం."

కోపం చల్లారితే మరిచిపోతుందిలే అనుకున్నాడు. అది కోపం కాదని ఇప్పుడు గుంతలో, గ్రీజు చొక్కాతో, అర్థమైంది.

*

ఇంటి ముందు గది గది కాదు, కర్టెన్ల కార్ఖానా. భార్య కర్టెన్లు కుడుతుంది. బల్ల మీద ఎవరి హోటలుకో కుడుతున్న నీలం గుడ్డ, నేల మీద కత్తిరింపులు, గోడకి చుట్టి ఆనించిన రోలర్ కర్టెన్లు. అతను లోపలికి వస్తుంటే ఆమె మిషను ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఆ చొక్కాతో గుడ్డల మీద కూర్చోకండి."

"నేను కూర్చోడానికి రాలేదు."

"అదీ తెలుసు. మీరు ఓ చోట కూర్చుని రెండు నెలలైంది."

నిజమే. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాడు. అన్నం ముందు లేస్తాడు, టీవీ ముందు లేస్తాడు, కిటికీ దగ్గరికి వెళ్ళి గాలి ఎటు వీస్తోందో చూసి వస్తాడు. ఇప్పుడూ కిటికీ దగ్గరికే వెళ్ళాడు.

"నన్నొక్క మాట అడక్కుండా ఎలా పిలిపించావు?"

"అడిగాను. రెండు నెలల్నించీ అడుగుతూనే ఉన్నాను. మీరేమో సమాధానం చెప్పకుండా అదిగో, ఆ కిటికీ దగ్గరికి పోతున్నారు."

అతను కిటికీ వదిలి వెనక్కి వచ్చాడు.

"ముక్కు దాకా వెళ్ళకుండా నడిపితే?"

మిషను ఆగింది.

"ఎలా?"

అతను గోడకి ఆనించిన రోలర్ కర్టెన్ ఒకటి తీసి నిలువుగా నిలబెట్టాడు. "ఫర్లర్ అని ఒక సామాను ఉంటుంది. ఇదిగో, నీ కర్టెన్ కర్ర లాంటిదే, నిలువుగా పెట్టుకో. అడుగున ఒక డ్రమ్ము, పైన తిరిగే గిలక. డ్రమ్ముకి చుట్టిన తాడు వెనక్కి వస్తుంది. మనం కూర్చున్న చోటి నుంచి ఆ తాడు లాగితే ముందు తెరచాప దానంతటదే చుట్టుకుపోతుంది. ఎవరూ ముందుకి కదలక్కర్లేదు."

"ఇంత సుఖమైంది ఉంటే ఇన్నేళ్ళూ ఎందుకు కొనలేదు?"

"పడవ ఖరీదంత ఉంటుంది."

"ఇప్పుడు చవకైందా?"

"చవకది వెతుకుతాను."

ఆమె కళ్ళజోడు తీసి గుడ్డ మీద పెట్టింది. కాసేపు ఆలోచించింది. అతను ఆ కాసేపూ కర్టెన్ కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాడు.

"సరే. ఆదివారం ఆ డాక్టరు వచ్చేలోపు మనిద్దరం బయల్దేరదాం. బయటికి వెళ్ళి తిరిగి రావాలి. కట్లు విప్పిన దగ్గర్నించి మళ్ళీ కట్టేదాకా మీరు ముక్కు వైపు ఒక్క అడుగు వేసినా పడవ ఆయనది. తర్వాత సణగకూడదు."

"వెయ్యకపోతే?"

"ఆయన్ని నేనే మర్యాదగా పంపించేస్తాను." మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టి, "ఆ కర్ర అక్కడ పెట్టండి, అది హోటలు వాళ్ళది," అంది.

*

శుక్రవారం సెలవు పెట్టాడు. పడవ సామాన్ల కొట్టుకి బామ్మర్ది కారులోనే బయల్దేరాడు. బామ్మర్ది పాత కార్లు కొని అమ్ముతాడు. అమ్మడమంటే వాడికి ఆకలి లాంటిది.

"నీ పడవ అమ్మించేది నేను. అది అమ్ముడుపోకుండా సామాను కొనడానికి కారు నడిపేదీ నేనే. ఎక్కడైనా ఉందా బావా ఇలాంటి అన్యాయం?"

"రోడ్డు చూసి నడపరా."

కొట్టు ఇరుగ్గా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉంది. రెండు పక్కలా తాళ్ళ చుట్టలు, పైనుంచి వేలాడే గిలకలు, వార్నిష్ వాసన. కొట్టావిడ మెడలో దారానికి కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, పడవ పొడవు, తెరచాప వెడల్పు అడిగి, లోపలికి వెళ్ళి మొదటిది తెచ్చి బల్ల మీద పెట్టింది. మెరిసిపోతున్న అల్యూమినియం గొట్టాలు, నల్లటి డ్రమ్ము. లిఫ్టాయన డ్రమ్మును వేలితో తాకాడు. ఊదితే తిరిగేలా ఉంది. అతని మొహం వెలిగిపోయింది. ఆవిడ ధర చెప్పింది. బామ్మర్ది మెల్లగా పక్కనున్న తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు.

"ఈ ధరకి నేను రెండు కార్లు ఇస్తానమ్మా. ఒకదానికి ఇంజను కూడా ఉంటుంది."

రెండోది ఎవరో పాత పడవ నుంచి విప్పి అమ్మినది. ధర సగం. లిఫ్టాయన దాన్ని మంచి చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. లోపల ఇసుక నలుగుతున్న చప్పుడు. మళ్ళీ తిప్పాడు. "ఇది తిరగట్లేదు, ఏడుస్తోంది," అని బల్ల మీద పెట్టేశాడు.

"ఇదిగో బావా, తురుపుముక్క దొరికింది," అని బామ్మర్ది ఫోను చూపించాడు. ఎర్రటి ప్లాస్టిక్ డ్రమ్ము బొమ్మ. "రేపు పొద్దుటికల్లా ఇంటికే తెచ్చిస్తాడు. భోజనం ఖరీదు."

"దాన్ని స్నానాల గదిలో పెట్టుకో."

లిఫ్టాయనకి కాళ్ళు నిలవడం లేదు. కొట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, మళ్ళీ వచ్చాడు. మొదటిదాని వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాడు. బయట ఎండ, రేపు శనివారం, ఎల్లుండి డాక్టరు. అతని నడక చూసి కొట్టావిడకి జాలేసిందో, తల తిరిగిందో, బల్ల కిందకి వంగి ఒక అట్టపెట్టె తీసింది.

అందులో పిడికిలంత డ్రమ్ము, దానికి జతగా చిన్న గిలక. అంతే. గొట్టాలు లేవు.

"పందాల్లో తిప్పే చిన్న పడవలకి వాడతారు. మీ పడవకి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే తెరచాప ముందంచులో తీగ పెట్టి మీరే కుట్టించుకోవాలి. ఇంకో సంగతి. దీంతో సగం చుట్టి సగం వదిలేయడం కుదరదు. అంతా బయట, లేదా అంతా లోపల."

లిఫ్టాయన తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తిప్పి, ఆగేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఎంత?"

ఆవిడ చెప్పింది. బామ్మర్ది తాళ్ళ చుట్ట మీద నుంచి లేచి నిలబడ్డాడు. దాంతో ధర అందుబాటులోనే ఉందని తేలిపోయింది.

"ఒకసారి గాలిలో చుట్టి చూసుకుని, ఆ తర్వాతే దాన్ని నమ్మండి," అంది కొట్టావిడ అట్టపెట్టె కడుతూ.

"డ్రమ్ములూ తాళ్ళూ నాకు కొత్త కాదమ్మా. ముప్పై ఏళ్ళుగా వాటితోనే బతుకుతున్నాను."

"అందుకే చెప్తున్నాను," అందావిడ.

*

శనివారం మధ్యాహ్నం ముందు గదంతా తెరచాపే. హోటలు వాళ్ళ నీలం కర్టెన్లు వంటింటి కుర్చీల మీదకి వలస పోయాయి. భార్య మిషను దగ్గర, అతను నేల మీద గుడ్డని కొంచెం కొంచెంగా అందిస్తూ. తీగ చుట్టూ గుడ్డ మడిచి కుడుతుంటే సూది రెండుసార్లు విరిగింది.

"అమ్మేద్దామన్నది నేను. అమ్మకుండా ఉండడానికి కుడుతున్నదీ నేనే. మా తమ్ముడికీ నాకూ బుర్ర ఒకటే ఇచ్చినట్టున్నారు."

"కుట్టు వంకరపోతోంది."

"మీ కాలు ఆడించడం ఆపితే తిన్నగా పోతుంది."

సాయంత్రం రేవుకి వెళ్ళారు. పడవని ముక్కు రాతిగట్టుకి తగిలేలా కట్టి, గట్టు మీద నిలబడే డ్రమ్ము బిగించాడు. కట్టి ఉన్నప్పుడు ముక్కు దగ్గర పని లెక్కలోకి రాదని ఆమే ఒప్పుకుంది. గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. పైగిలకని తెరచాప తాడుతోనే స్తంభం మీదికి ఎక్కించాడు. తెరచాప చుట్టుకోవడానికి ఎన్ని చుట్లు పడుతుందో చేత్తో తిప్పి చూసుకున్నాడు. డ్రమ్ము మీద అంతకి అంతే తాడు చుట్టి, పైన రెండు చుట్లు వేసి, ముడి బిగించాడు. మిగిలిన తాడంతా వెనక, కూర్చునే చోట, అందంగా చుట్ట చుట్టి కట్టాడు.

"రెండేనా?" అంది ఆమె గట్టు మీద నుంచి.

"రెండు చాలు. డ్రమ్ము మీద అదనపు తాడుంటే ఒకదాని మీదొకటి ఎక్కి చిక్కుపడుతుంది. లిఫ్టుకి అలా వదిలితే ఇన్‌స్పెక్టరు చెవి మెలేస్తాడు."

వెనక కూర్చుని తాడు లాగాడు. తెరచాప రోలర్ కర్టెన్‌లా నెమ్మదిగా, చప్పుడు లేకుండా, తన చుట్టూ తానే చుట్టుకుపోయింది. వదిలాడు. విచ్చుకుంది. మళ్ళీ లాగాడు. ఆమె దిగి వచ్చి తాడు తన చేతిలోకి తీసుకుని ఒక్క చేత్తో లాగింది. అది ఆమె మాట కూడా విన్నది. నవ్వు వచ్చినట్టయి ఆపుకుంది.

ఆ రాత్రి లిఫ్టాయన కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళుంటే గాలి మారడం చూసేవాడు.

*

ఆదివారం రేవు దాటేసరికి గాలి హాయిగానే ఉంది. ముందు తెరచాప విచ్చుకుని బిగుసుకుంది, పడవ ఒరిగి పరుగందుకుంది. లిఫ్టాయన రెండు నెలల తర్వాత మొదటిసారి కదలకుండా కూర్చున్నాడు. చూపు దూరపు గట్టు మీద నిలిపితే తల తిరగడం లేదు. ఆమె చుక్కాని పట్టుకుని అతన్ని ఓరగా చూసింది.

తర్వాత నీళ్ళ రంగు మారింది. దూరంగా నల్లటి గీత ఒకటి నీటి మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. గాలి ఒక్కసారిగా చెంప మీద కొట్టింది.

"వెనక్కి పోదాం," అందామె.

రేవు ముఖద్వారానికి ఒక పక్క పొడవాటి రాళ్ళ కట్ట ఉంది. గాలి సరిగ్గా దాని వైపే తోస్తోంది. చేయాల్సిన పని ఇద్దరికీ తెలుసు. పెద్ద తెరచాప దించాలి, చిన్న మోటారు వేయాలి, ముందు తెరచాప చుట్టేయాలి, మోటారు మీద లోపలికి పోవాలి. పెద్ద తెరచాప దించాడు. మోటారు అంటుకుంది. ఫర్లర్ తాడు లాగాడు.

బిగువుగా వచ్చింది. గాలి గుడ్డని పట్టి గుంజుతుంటే, లాగిన కొద్దీ తెరచాప పిడిలా గట్టిగా చుట్టుకుంది. సగం దాటింది. ముప్పాతిక అయింది. ఇంకాస్త లాగితే అయిపోతుందనగా తాడు ఠక్కున ఆగింది.

బలం కొద్దీ లాగాడు. రాలేదు. ముందుకి వంగి చూశాడు. చిక్కేమీ పడలేదు. డ్రమ్ము ఖాళీ అయిపోయింది. మీద ఒక్క చుట్టు తాడు కూడా లేదు, ముడి ఒక్కటే కనిపిస్తోంది. తలుపు కర్టెనంత గుడ్డ ఇంకా బయటే ఉంది. అది గాలికి టపటపా కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా స్తంభం అదురుతోంది, ఆ అదురు అతని పళ్ళలోకి వస్తోంది.

అతని కాళ్ళ దగ్గర, అందంగా చుట్టి కట్టిన చుట్టలో, కావలసినంత తాడు ఉంది. ఉండాల్సిన చోట లేదు.

"ముక్కు తిరగడం లేదు," అందామె. చుక్కాని ఒక పక్కకి పూర్తిగా తోసి పట్టుకుంది. ఆ గుడ్డ ముక్క పడవ ముక్కుని గాలివాటుకి ఈడ్చేస్తోంది, చిన్న మోటారు దానికి చాలడం లేదు. పడవ రాళ్ళ వైపు పక్కవాటున జరుగుతోంది. తెరచాప మొత్తం వదిలేస్తే ఇంకా వేగంగా పోతుంది. సగంలో ఆపడానికి ఇది సగంలో ఆగే సామాను కాదు. లంగరు వేద్దామంటే అది ముక్కు దగ్గరి పెట్టెలో ఉంది.

అన్ని దారులూ ముక్కు దగ్గరికే పోతున్నాయి. అతను లేచి నిలబడ్డాడు, ముందుకి చెయ్యి చాచాడు. లోకం మెల్లగా ఎడమకి ఒరిగింది.

"కూర్చోండి."

కూర్చున్నాడు. ఆమె అతని చెయ్యి తీసి చుక్కాని మీద పెట్టింది.

"ఇది పట్టుకోండి."

పట్టుకున్నాడు. ఆమె ఏం చేయబోతోందో అర్థమయ్యేసరికే గది కప్పు మీదికి ఎక్కి, చేతులూ మోకాళ్ళ మీద ముందుకి పాకుతోంది.

లిఫ్టాయనకి కనిపిస్తున్నది ఒక వీపు. తడిసిన జాకెట్టు, రెండు బూట్ల అడుగులు, వాటికి అటూ ఇటూ నురుగు. ఆమె మొహం కనిపించదు. ఆమె ఏం పట్టుకుందో కనిపించదు. పట్టుకుందో లేదో తెలియదు. ఇన్నేళ్ళుగా తను ముందుకి పాకిన ప్రతిసారీ ఆమె ఇక్కడ కూర్చుని చూసింది ఇదేనన్నమాట. అతను ముందు నుంచి వెనక్కి తిరిగి ఎప్పుడూ చూడలేదు. ముందు పనుంటుంది, చూసే తీరిక ఉండదు.

ఒక అల పడవ పక్కన తన్నింది. ఆమె కాలు జారింది. మోకాలు కప్పుకి కొట్టుకున్న చప్పుడు గాలిలో కూడా వినిపించింది. ఒక చేత్తో పడవ అంచు కడ్డీకి వేలాడింది.

"వెనక్కి రా," అన్నాడు. "పడవ పోతే పోనీ. రాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోనీ. నువ్వు వెనక్కి రా."

ఆమె అక్కడే బోర్లా పడుకుని, తల ఎత్తి, కొట్టుకుంటున్న గుడ్డనీ చుట్టుకున్న పిడినీ ఒక్క క్షణం చూసింది. కుట్టిన మనిషి చూపు అది. తర్వాత వెనక్కి పాకి వచ్చి అతని పక్కన ధబ్బున పడింది.

"గాలికి బిగుసుకుని సన్నగా చుట్టుకుంది," అంది రొప్పుతూ. "నిన్న వదులుగా, లావుగా చుట్టుకుంది. సన్నగా చుట్టిన కర్టెన్ ఎక్కువ చుట్లు తింటుంది."

"ఇప్పుడా చెప్పేది?"

"నిన్న 'రెండేనా' అన్నాను."

రాళ్ళ మీద అలలు పగులుతున్న తెల్లటి గీత ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పైన గట్టు మీద ఇద్దరు మనుషులు. ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. బామ్మర్దే అయి ఉంటాడు. ఎక్కడైనా అమ్మకానికి ముందుగానే వచ్చే అలవాటు వాడిది.

"ఇంట్లో నీ కర్టెన్ కర్ర తిరక్కపోతే ఏం చేస్తావు?" అన్నాడు లిఫ్టాయన.

"చేసేదేముంది. గుడ్డ పట్టుకుని నేనే కర్ర చుట్టూ..." ఆగింది. ఇద్దరూ ఒకేసారి ఆ గుడ్డ ముక్క వైపు చూశారు. పడవ ఎటు ఊగినా అది మాత్రం గాలి పోయే వైపే నిలబడి ఉంది.

"గుడ్డని గాలి పట్టుకునే ఉంది," అన్నాడు. "మనం కర్రని తిప్పాలి."

"కర్ర పడవకి కట్టి ఉందిగా."

"పడవనే తిప్పు."

గాలికి ఎదురు మెల్లగా తిరగమంటే ముక్కు ఒప్పుకోవడం లేదు. గాలివాటున పరుగెత్తి, ఆ వేగం మీద తిప్పితే ఒప్పుకుంటుంది. గాలివాటున పరుగెత్తడమంటే ముందు నేరుగా రాళ్ళ వైపు పరుగెత్తడం. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. చుక్కాని లాక్కుని మోటారు పూర్తిగా తెరిచింది.

పడవ తిరగడం మొదలుపెట్టగానే లిఫ్టాయన లోకం కూడా తిరిగింది, కానీ అటు కాదు, తన ఇష్టం వచ్చినట్టు. కళ్ళు మూసుకుని పడవ అడుగున వెల్లకిలా పడుకున్నాడు, లిఫ్టు గుంతలో పడుకున్నట్టే. తెరచాప కొసకి కట్టిన రెండు తాళ్ళూ చేతుల్లో పట్టుకుని, అవి లాగినప్పుడల్లా వదులుతూ పోయాడు.

"ఏం కనిపిస్తోంది చెప్పు."

"ముక్కు తిరుగుతోంది. గుడ్డ ముందుకి పోయింది. ఇటు పక్కకి వచ్చింది." ఆమె గొంతు మారింది. "పెద్దదవుతోంది. విప్పుకుంటోందండీ."

"అయితే రెండో వైపు తిప్పు."

"రాళ్ళు దగ్గరికొచ్చేశాయి."

"ఎంత దగ్గర?"

"తమ్ముడి చొక్కా రంగు తెలుస్తోంది."

"తిప్పు."

పడవ ఎటో ఒరిగింది. నీళ్ళు అతని మెడ మీదుగా చొక్కాలోకి పోయాయి. తాడు చేతిలో గుంజింది, వదిలాడు. మోటారు ఒక క్షణం గాల్లో అరిచి మళ్ళీ నీళ్ళలో పడింది.

"చెప్పు."

"ఆగండి. ఒక చుట్టు చుట్టుకుంది. చిన్నదైంది."

"ఇంకోసారి తిప్పగలవా?"

"చోటు లేదు."

"గుడ్డ చిన్నదైందన్నావుగా. ఈసారి ముక్కు తొందరగా తిరుగుతుంది."

"తిరక్కపోతే?"

కళ్ళు తెరిస్తే ఆకాశం గిరగిరా తిరుగుతోంది. ఆమె అరికాలు అతని భుజానికి ఆనుకుని ఉంది, బూటు లేదు, ఎక్కడో పోయింది. ఆ కాలు బిగుసుకోవడం తెలిసింది. పడవ తిరిగింది. రాళ్ళ మీద నీళ్ళు పగిలే చప్పుడు చెవి పక్కనే వచ్చినట్టు వచ్చి, తల చుట్టూ తిరిగి, కాళ్ళ వైపు పోయి, మెల్లగా దూరమైంది.

టపటప ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో మోటారు చప్పుడు కుట్టు మిషనులా వినిపించింది.

"మొత్తం చుట్టుకుంది," అంది ఆమె. "తాళ్ళతో సహా. పార్సిలు కట్టినట్టుంది."

*

రేవులో పడవ కట్టడానికి బామ్మర్దే తాడు అందుకున్నాడు. పక్కన పళ్ళ డాక్టరు, చక్కగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, ఎటు నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"బావా, మొహమేంటి అలా పాలిపోయింది?"

"చుక్కాని ఏమైనా పాడైందాండీ?" అన్నాడు డాక్టరు మర్యాదగా. "గుండ్రంగా తిరుగుతుంటే చూశాను."

"అబ్బే, అది డెమో సార్," అన్నాడు బామ్మర్ది. "ఎటు కావాలంటే అటు తిరుగుతుందని చూపించారు."

లిఫ్టాయన గట్టు మీద కూర్చుని, రాయిని రెండు చేతులా పట్టుకుని, నేల నిలబడేదాకా ఆగాడు. భార్య ఒక కాలికి బూటు, ఇంకో కాలు ఉత్తదిగా పడవలోంచి దిగింది. మోకాలు దగ్గర గుడ్డ చిరిగి రక్తం కనిపిస్తోంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"ఇచ్చేయరా," అన్నాడు బామ్మర్దితో. "డాక్టరుగారికి ఇచ్చేయ్."

బామ్మర్ది నోరు తెరిచాడు. అమ్మకం ఇంత సులభంగా అవుతుందని వాడు కలలో కూడా అనుకోలేదు. ఈలోగా అక్క అడ్డొచ్చింది.

"మిమ్మల్నెవరు అడిగారు?"

"ఇంకేం అడగాలి. చూశావుగా."

"షరతు పెట్టింది నేను. మీరు ముక్కు దాకా వెళ్ళారా?"

"లేదు."

"ఒక్క అడుగు వేశారా?"

"నువ్వు వెళ్ళావు."

"నా గురించి షరతేమీ లేదు." డాక్టరు వైపు తిరిగింది. "ఏమనుకోకండి, ఎండలో మిమ్మల్ని ఇంత దూరం రప్పించాం. ఇది అమ్మకానికి లేదు. మా తమ్ముడి దగ్గర మంచి కార్లుంటాయి. ఒకసారి చూడండి."

డాక్టరు పడవ ముక్కు వంక, తాళ్ళతో సహా పార్సిలులా చుట్టుకుపోయిన తెరచాప వంక చూశాడు. అతనికి బాధ కలిగినట్టు లేదు. బామ్మర్ది అప్పటికే అతని మోచెయ్యి పట్టుకుని కారు వైపు నడిపిస్తున్నాడు, దారిలోనే ఏదో మైలేజీ గురించి చెబుతున్నాడు.

లిఫ్టాయన లేచాడు. గట్టు చివరికి నడిచాడు, తిరిగి వచ్చాడు, మళ్ళీ నడిచాడు.

"అయితే నేనూ ఒకటి పెడుతున్నాను," అన్నాడు మూడోసారి వచ్చినప్పుడు. "నువ్వూ వెళ్ళకూడదు. ఎప్పుడూ. నాకెంత షరతో నీకూ అంతే."

ఆమె చిరిగిన మోకాలి మీద చేతి రుమాలు కట్టుకుంటోంది. ముడి వేసి, లాగి చూసుకుంది.

"వెనక కూర్చుని చూస్తే ఎలా ఉంది?" అంది తల ఎత్తకుండా.

ఈసారి అతను ఎటూ వెళ్ళిపోలేదు. ఆమె పక్కనే నిలబడ్డాడు. ఆమె తల ఊపింది.

"సరే. వెళ్ళను."

గాలి ఇంకా తగ్గలేదు. గట్టుకి ఆనుకుని ఉన్న పడవ ముక్కు అలలకి లేచి పడుతోంది. అతను గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పార్సిలు విప్పి, తెరచాప కిందికి దించి, డ్రమ్ముని ఖాళీ చేశాడు. వెనక చుట్టి కట్టిన మిగులు తాడంతా విప్పి ముందుకి తెచ్చాడు. ముడి వేసి, డ్రమ్ము తిప్పడం మొదలుపెట్టాడు. నిన్నటి లెక్క దగ్గరికి వచ్చాక చెయ్యి అలవాటుగా ఆగింది.

"ఎన్ని వెయ్యమంటావు?"

"మీరు వెయ్యండి. నేను చెప్తాను."

వేశాడు. ఇంకొకటి వేశాడు. ఆమె డ్రమ్ము వైపే చూస్తోంది. అతను తిప్పుతూనే ఉన్నాడు. చాలని ఆమె ఇంకా అనలేదు.